గంట తాడుకి ఎర్రగుడ్డ

ఆ ఎర్రగుడ్డ విప్పింది నేనే నాన్నా. ఈ మాట ఇంతవరకూ ఎవరి ముందూ అనలేదు. అద్దం ముందు కూడా.

పైనుంచి అలా చూడకు. తలుపులన్నీ మూసినా గంట తాడు ఊగుతూనే ఉంటుంది. గాలి అంటారు ఫాదర్‌గారు. ఏ గాలి?

వారం వారం చర్చి తుడిచేది నేనే కదా. బలిపీఠం దగ్గర మొదలుపెట్టి, మెట్లు దిగి, బల్లల మధ్య నడవ, స్తంభాలు, బాప్తిస్మపు తొట్టి. గంట గోపురం కిందికి వచ్చేసరికి చీపురు ఆగిపోతుంది. నువ్వు పడ్డ ఆ నాలుగు రాళ్ళనీ ఆరేళ్ళుగా తుడవలేదు. మాటలు పడ్డాను కానీ తుడవలేదు.

నీ నియమం నాకు తెలీదా? పైన మనిషి ఉంటే కింద తాడుకి ఎర్రగుడ్డ. అది ఉన్నంతసేపూ తాడు ముట్టకూడదు. ఆ రోజు నువ్వు పైన గంట ఇరుసుకి గ్రీజు పెడుతున్నావు. కాసేపట్లో పెళ్ళి. చూస్తే ప్రసంగ వేదిక మీద పావురం రెట్ట. తుడవడానికి చేతిలో ఏమీ లేదు. రెండు నిమిషాలే కదా అని తాడుకున్న గుడ్డ విప్పాను.

పెళ్ళి గంట కొట్టడానికి అన్నయ్య వచ్చాడు. తాడు వైపు చూశాడు నాన్నా, వాడు చూడటం నేను చూశాను. గుడ్డ లేదు. లాగాడు. పైన గంట ఊగింది, నువ్వు కింద పడ్డావు.

అందరూ నీ చుట్టూ మూగితే నేనేం చేశానో తెలుసా? గుడ్డ తీసుకెళ్ళి మళ్ళీ తాడుకి కట్టేశాను. నువ్వు నేర్పిన ముడే.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా?" అంది పెద్దమ్మ, గుడ్డ చూపించి. "నాకు కనబడలేదు పెద్దమ్మా" అన్నాడు. అంతే. ఊరు వదిలి పట్నం వెళ్ళిపోయాడు.

అక్కడ ముగ్గురు కళ్ళ డాక్టర్లకి చూపించుకున్నాడట, ఎరుపు కనబడుతోందో లేదోనని. మూడో ఆయన విసుక్కుని, "నీకు కావలసింది కళ్ళజోడు కాదయ్యా, నిద్ర" అన్నాడట. వదిన నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో మరి.

నిన్న మాత్రం వదిన నవ్వలేదు. అన్నయ్య పాపని ఎత్తుకుని రోడ్డు దాటడట. ఎర్రలైటు తనకి కనబడదేమోనని భయమట. దాని చెయ్యి వదిన చేతిలో పెట్టి, తను వెనక నడుస్తాడట.

ఇవాళ ఆ నాలుగు రాళ్ళూ తుడిచాను. వాటి మీదే కూర్చున్నాను.

అన్నయ్య తిడతాడో, ఏడుస్తాడో, ఇక జన్మలో నా మొహం చూడడో. చూడకపోతే పోనీ. "నీ కళ్ళు బాగానే ఉన్నాయి అన్నయ్యా" అని, ముందు ఈ ఒక్క మాటా చెప్పేస్తాను. మిగతాది తర్వాత.

తాడు ఊగితే ఊగనీ. ఫోన్ చేస్తున్నాను.