బెనెబా పాలపన్ను

దగ్గరకు రండర్రా, ఇలా కూచోండి. ఐవీ, ఆ చెరుకు పిప్పి నా కాళ్లమీద కాదు, మేకకు వెయ్యి. ఏమన్నావు డెస్మండ్, మన పెరటి చెరుకే ఇంత తీపెందుకనా? అది మా నాయనమ్మ బెనెబాను అడగాలి. ఆవిడ పోయి నలభై ఏళ్లయింది గనక ఇక నేనే చెప్పాలి.

బానిసల కాలం అది, పద్దెనిమిది వందల ముప్పై నాలుగు. ఆ ఆగస్టుకు ఆవిడకు ఆరు నిండటానికి నెల తక్కువ. జమైకా అంతా ఒకటే మాట, ఆగస్టు ఒకటిన బానిసత్వం రద్దని. ఆరు నిండని పిల్లలకు ఆ రోజే విడుదల. నిండినవాళ్లు మాత్రం, పని నేర్చుకునేవాళ్లని పేరు పెట్టి, ఇంకా కొన్నేళ్లు అదే దొర చేలో చాకిరీ చెయ్యాలి. నష్టపరిహారం కూడా ఇస్తారట! ఎవరికనుకున్నారు? ఒళ్లు విరిగేలా పనిచేసినవాళ్లకా? అబ్బే, దొరలకు! పాపం, వాళ్ల మనుషులు చెయ్యిజారిపోతున్నారు గదా! అందులోనూ ఆరు దాటిన పిల్లకు ఎక్కువ సొమ్ము. ఇంకేం, మా తోట దొర టిల్‌యార్డ్ బెనెబా తల్లి క్వాషిబాతో, "నీ కూతురికి ఏడేళ్లు" అన్నాడు. "కన్నది నేను గదా దొరా, ఐదే" అందావిడ. పుట్టినరోజు రాసిన కాయితం ఎవరి దగ్గరుంది? నష్టపరిహారానికి విలువ కట్టడానికొచ్చే సర్కారు దొరేమో ఎవరి మాటా వినడట. పక్క తోటలో పిల్లల నోళ్లు తెరిపించి చూశాడట, గుర్రాలకు చూసినట్టు. పాలపన్ను ఊడిందా, ఆరు దాటినట్టే.

బెనెబా ముందుపన్ను అప్పటికే ఊగుతోంది! ఇంక చూడండి తమాషా. క్వాషిబా పిల్లకు జావ తప్ప ఇంకోటి పెట్టదు. నవ్వొద్దంటుంది, నాలుకతో పన్ను తాకొద్దంటుంది. వద్దంటే నాలుక ఊరుకుంటుందా, మీరే చెప్పండి. అవతల టిల్‌యార్డ్ దొర, చెరుకుముక్క దొంగిలిస్తే వీపు చీరేసిన మనిషి, రోజూ గుర్రం దిగి, "తిను పాపా, గట్టిగా కొరుకు" అని తన చేత్తో గడ ఇచ్చి పోతున్నాడు! "చల్లగా ఉండు దొరా" అంటూనే, ఆయన మలుపు తిరగ్గానే క్వాషిబా గడ లాక్కునేది. పిల్ల ఒకటే ఏడుపు. "నీకే తల్లీ, దాస్తున్నా" అనేది.

ఆ రోజు రానే వచ్చింది. విలువకట్టే దొర పిల్ల నోరు తెరిపించి వేలితో కదిపాడు. పన్ను గాలికి తలుపు ఊగినట్టు ఊగింది. "చూశారా, ఊడినట్టే!" అన్నాడు టిల్‌యార్డ్. "ఊడినట్టు వేరు, ఊడటం వేరు" అని ఆయన, ఆరులోపు అని రాసుకుని పోయాడు. తల్లీకూతుళ్లు గుడిసె దాకా నడిచారో లేదో, ఇన్నాళ్లూ ఆపుకున్న నవ్వు పిల్ల నోట్లోంచి ఫక్కున వచ్చింది, దాంతోపాటే పన్నూ! మన ఆనవాయితీగా దాన్ని కప్పుమీదికి విసిరి, ఎలుకను కొత్త పన్ను ఇమ్మన్నారు.

దొరకు సొమ్ము ముట్టింది. క్వాషిబాకు ఎవరూ పైసా ఇవ్వలేదు, పెద్దది గనక ఇంకా కొన్నేళ్లు ఆ చేలోనే వంగింది... అలా దాచిన గడలు మాత్రం, లెక్కకు పదకొండు, కణుపులు కోసి కొండవార తన పెండలం గడ్డల మడిలో పాతింది. కొత్త పన్నుతో బెనెబా కొరికిన మొదటి చెరుకు అక్కడిదే. మీరు నములుతున్నవి దాని పిలకలే...

ఒరేయ్ డెస్మండ్, నోట్లో ఏమిటా వేలు? ఊగుతోందా? సరే, లేవండి, పెండలం చల్లారిపోతోందని మీ అమ్మ రెండుసార్లు కేకేసింది. పొండి, తినండి.