ఏడో గేరు

"గేర్ బాక్సుకి ఆయిల్ ఎంచడమంటే పెళ్లికూతుర్ని ఎంచడం లాంటిది కాదు బావా, అంతకన్నా కష్టం. పెళ్లికూతురు తరవాతైనా నోరిప్పి మాటాడతాది. గేర్ బాక్సు మాటాడదు. మూలుగుతాది, అంతే."

ఎల్లాజీ ఇంత మాట అని టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. కథ ఇంకా రాబోతుందనడానికి అది గుర్తు.

పోర్టు రోడ్డు పక్కన విమలమ్మ టీ కొట్టు అది. పొద్దుటి నుంచి పట్టిన ముసురు అప్పుడే కాస్త తెరిపి ఇచ్చింది. యారాడ కొండ సగం మబ్బులో ఉంది, సగం లేనే లేదు. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు. ఓడల్లోంచి దిగిన యంత్రాల పెట్టెల్ని ప్లాంటుకి మోయడానికి లారీలు బారుగా నిలబడి ఉన్నాయి. ఎల్లాజీ ఆ లారీల్ని తూచే కాటా దగ్గర వాచ్‌మన్. డ్యూటీ దిగాడంటే ఇంటికి పోడు, ఈ బల్ల మీదే కూర్చుంటాడు. అంతకు ముందు ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పిందే తెలుసు.

ఆ వేళ బల్ల ముందు రెండు ఆయిల్ డబ్బాలున్నాయి. అవి అబ్బులువి. అబ్బులు గోదావరి వైపు నుంచి వచ్చినవాడు. ఉన్న అరెకరమూ అమ్మేసి, ఇంజను ముందుకి పొడుచుకొచ్చిన పాత ముక్కు లారీ ఒకటి కొన్నాడు. సాయంత్రం దానికి మొదటి లోడు. పొద్దున గేర్ బాక్సులో ఆయిల్ దింపితే తారులా దిగింది, అందులో ఇత్తడి రజను మిలమిలా మెరిసింది. పూర్ణా మార్కెట్లో షాపువాడు రెండు రకాలు చేతికిచ్చి, ఒకటి పోసుకుని రెండోది వెనక్కి తెచ్చేయమన్నాడు. రెండింటి మీదా చిక్కదనం చెప్పే తొంభై నంబరే ఉంది. ఒకటి మూత తీస్తే ముక్కు అదిరే ఘాటు. రెండోదానికి ఏ వాసనా లేదు. ఏది పోయాలో అబ్బులికి తేలడం లేదు. దారిలో గేర్ బాక్సు పట్టేసిందంటే లోడు ఇచ్చిన కంట్రాక్టరు మళ్లీ పిలవడు. ఆ బండి తప్ప అబ్బులికి ఈ ఊళ్లో గానీ ఆ ఊళ్లో గానీ ఇంకేమీ లేదు.

పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే ఫ్రాన్సిస్ అప్పటికే ఒకసారి చెప్పాడు. "ఘాటుది వెనక ఇరుసు హౌసింగుకి తమ్ముడూ. అందులో కలిపిన మందు ఇనప పళ్లకి మంచిదే గాని ఇత్తడిని తినేస్తాది. నీది పాత బాక్సు, లోపల ఇత్తడి రింగులుంటాయి. సప్పదే పొయ్యి."

"సప్పటిది తాగి ఏ బండి బతికింది?" అన్నాడు ఎల్లాజీ. "ఫ్రాన్సిస్ బావా, నువ్వు క్రేన్లు బాగుసేసేవోడివి. క్రేను ఉన్నసోటే ఉంటాది. లారీ ఊరెల్లాలి. అబ్బులూ, నా మాట ఇను. ఎమర్జెన్సీ రోజుల్లో నాకూ ఒక ముక్కు లారీ ఉండీది. రెండో గేరు పడీది కాదు. నాను ఆయిల్ మార్చేను. పడింది."

"అంతేనాండీ?" అన్నాడు అబ్బులు.

"అంతే. నాను గొప్పలు సెప్పుకునే మనిషిని కాదు. కాని ఆ ఆయిల్ ఎలాగ దొరికిందో అడగవేటి?"

"అడక్కపోతే మానేస్తావా అన్నయ్యా?" అంది విమలమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"సెప్తాను, తొందరపడకండి. ముందు నువ్వుల నూనె పోసేను. బండి బాగానే కదిల్నాది గాని శనివారం వొచ్చిందంటే సాలు, గుడి కనబడిన సోటల్లా ఆగిపోయీది. పంతులుగారు బయటికొచ్చి బానెట్ మీద బొట్టెట్టేదాకా కదిలీది కాదు. ఇలాగ లాభం నేదని అది దింపీసి ఆముదం పోసేను. ఆముదం సలవ సేస్తాది కదా, బండికి నిద్ర. గాజువాక రాకముందే గుర్రు! లేపితే లేవదు. పక్కనే బీడీ కాల్సుకుంటా కూకుని, నిద్ర తీరాక తోలుకెల్లీవోణ్ణి. కంట్రాక్టరు తిట్టీవోడు. నాకు మాత్రం దాన్ని లేపడానికి మనసొప్పీది కాదు."

"పాపం," అన్నాడు అబ్బులు నిజంగానే.

"అప్పుడు మా తవిటమ్మ వొదిన సెప్పింది, సొరసేప నూనె పొయ్యరా, కీళ్లనొప్పులకి అదే మందు అని. పిషింగ్ హార్బర్ కెల్లి తెచ్చి పోసేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేర్లు మెత్తగా పడ్డాయి. కాని మలుపు వొచ్చినప్పుడల్లా బండి సముద్రం ఏపు లాగీది. నాను కుడికి తిప్పితే అది ఎడమకి. ఎనకాల ఊళ్లో పిల్లులన్నీ బారుకట్టి నడిసీవి, ఊరేగింపు సూసినట్టే ఉండీది. ట్రాఫిక్కు పోలీసు ఆపి, పిల్లులకి పర్మిట్ ఉందా అని అడిగేడు."

ఫ్రాన్సిస్ నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. ఎల్లాజీకి కోపమొచ్చింది. "నవ్వితే సెప్పను," అన్నాడు. నవ్వనని ఫ్రాన్సిస్ ఒట్టు పెట్టాక గొంతు సవరించుకున్నాడు.

"ఇలాగుండగా ఒక సాయంత్రం జెట్టీ మీద దిగాలుగా కూకున్నాను. తెల్ల ఓడ ఒకటి వొచ్చి ఆగింది. దాని కేప్టెను ముసిలోడు. గెడ్డం ఇక్కడిదాకా ఉంది. నా మొకం సూసి, ఏటయ్యా బెంగ అన్నాడు, తెలుగులోనే. సెప్పేను. లోపలికెల్లి సిన్న డబ్బా తెచ్చి నా సేతిలో పెట్టేడు. ఇది సముద్రం అడుగున మునిగిపోయిన ఓడలు తాగే ఆయిల్, అందుకే అవి సప్పుడు సెయ్యకుండా తిరుగుతుంటాయి అన్నాడు. మూత తీసేను. రంగు సూద్దును కదా, పొద్దుగూకినప్పుడు నీళ్ల మీద పడే రంగు. వాసన సూసేను. ఘాటు! కళ్లమ్మట నీళ్లొచ్చీసినాయి. సిన్నప్పుడు మరిసిపోయినవన్నీ గేపకానికి వొచ్చీసినాయి. అదే నాను సెప్తన్నది అబ్బులూ. ఆయిల్ అంటే ఘాటుండాలి."

అబ్బులు ఘాటు డబ్బా వైపు చూశాడు. మూత మీద చెయ్యి వేశాడు. ఫ్రాన్సిస్ ఏదో అనబోతే విమలమ్మ కళ్లతోనే ఆపింది, కథ పాడవుతుందని.

"పోసేను. ఆనందపురం దగ్గర వంతెన కడతన్నారు, దానికి ఇనప రాడ్లు ఏసుకుని తెల్లారగట్ల బయల్దేరేను. రెండో గేరు ఎయ్యాలని అనుకున్నాను, అంతే, పడిపోనాది! సెయ్యి ఎత్తనే నేదు. మూడోది అలాగే. నాలుగోది పడ్డాక సప్పుడు ఆగిపోనాది. ఇంజను ఆగిపోనాదనుకున్నాను. ఆగలేదు బావా, అంత మెత్తగా ఎల్తంది. మధురవాడ అప్పుడు ఏటుంది, కొండలూ జీడితోటలూ. మంచు కమ్మీసింది. నా సెవులకి ఏటేటి వినబడ్డాయో తెలుసా? జీడిపూలు రాలడం వినబడింది. పక్క పొలంలో ఒక ముసిలాయన కలవరిస్తంటే వినబడింది. ఆయన కలలో ఎద్దు తప్పిపోనాదట, ఎతుకుతున్నాడు. నాకు ఆపి సాయం సేద్దామనిపించింది."

"ఆపేరాండీ?"

"ఎలాగాపుతాను? అప్పుడే ఐదో గేరు పడింది."

"ఉన్నవి నాలుగు కదా," అన్నాడు ఫ్రాన్సిస్. "ఐదోది ఎక్కడిది బావా?"

"ఆయిల్ పెట్టింది. మంచి ఎరువేస్తే మొక్క కొత్త కొమ్మ పెట్టదేటి? అలాగే పెట్టింది. ఐదో గేరులో టైర్లు నేల మీద ఆనడం మానేసినాయి. జానెడు ఎత్తున ఎల్తన్నాను. కింద వాన నీళ్లున్నాయి, టైర్లు మాత్రం పొడిగా ఉన్నాయి. ఆనందపురం జంక్షన్లో టీ కాస్తున్న మనిషి తలెత్తి సూసేడు, దణ్ణం పెట్టేడు, మళ్లీ టీ కాసుకున్నాడు. రాడ్లు దింపాల్సిన సోటు దాటిపోనాది. పోనాది పోనీ అనుకున్నాను. ఆరో గేరు పడింది."

"దేవుడా," అంది విమలమ్మ.

"భీమిలి దగ్గర రోడ్డు అయిపోనాది గాని బండి ఆగలేదు. సముద్రం మీదికెక్కీసింది. అలలు దానికి గతుకులు. ఒక్క కుదుపు నేదు. పడవల్లో వలలేసుకుంటన్నోళ్లు, ఎల్లాజీ ఎటు అని అరిసేరు. నాకు తెలిస్తే కదా సెప్పడానికి! సేపలు ఎగిరెగిరి రాడ్ల మీద పడతన్నాయి."

"ఏ సేపలు?" విమలమ్మ అడిగింది.

"వంజరాలు."

"ఒకటీ తేలేదా ఇంటికి?"

"ఎగిరినవాటిని ఎగిరినట్టు ఒదిలీసేను. నాకు దేన్నీ పట్టుకోవాలనిపించలేదమ్మా ఆ ఏళ. యారాడ కొండ దగ్గరికొచ్చేసరికి లైట్ హౌసు వోడు నా కంట్లో పడతాదని లైటు దించేడు. పెద్ద పెద్ద ఓడలు పక్కకి జరిగి దారిచ్చినాయి. కొండ దాటేను. దాటేసరికి, సెప్తే నమ్మరు, ఏడో గేరు పడింది."

ఎల్లాజీ ఆగాడు. చల్లారిన టీ తీసుకుని ఒక గుక్క తాగాడు. ఈసారి గొంతు తగ్గింది.

"ఏడో గేరు ముందుకెల్లదు బావా. అది ఎనక్కెల్తాది. రోడ్డు మీద ఎనక్కి కాదు. బండి మబ్బులో దూరింది, తెల్లగా ఏటీ కనబళ్లేదు, తరవాత మబ్బు పలచబడింది. కిందకి సూసేను. ఈతచెట్లపాలెం కనబడింది. మా ఊరు. ప్లాంటుకని కాళీ సేయించీసిన ఊరు. అప్పటికే అక్కడ బుల్డోజర్లు తిరగతన్నాయి, నాను కళ్లారా సూసేను కదా. కాని పైనుంచి సూస్తే ఉంది. ఇళ్లన్నీ ఉన్నాయి. మా పెంకుటిల్లు మీద గుమ్మడి పాదు ఉంది. మాయమ్మ గురువమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తంది. తలెత్తి సూసింది. లారీ గాల్లో ఉందని ఆశ్చర్యపోలేదు. ఎల్లాజీ, కూడు తిన్నావేట్రా అని అడిగింది."

ఎవరూ నవ్వలేదు. విమలమ్మ స్టవ్ మంట తగ్గించింది. అబ్బులికి రిజిస్ట్రాఫీసు నుంచి బయటికొచ్చి చివరిసారి చూసుకున్న అరెకరం, దాని గట్టు మీద కూర్చున్న భార్య కామేశ్వరి, ఆమె ఏడవకుండా పట్టుకున్న మొహం, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. అలాంటి గేరు ఒకటి ఉంటే ఎంత బాగుండునని అతనికి అనిపించింది.

"దిగేరాండీ మరి?" అన్నాడు.

"దిగుదామనే బ్రేకు తొక్కేను. పన్జెయ్యలేదు. ఏడో గేరులో బ్రేకు ఉండదు తమ్ముడూ. అమ్మ సెయ్యి ఊపింది. నానూ ఊపేను. ఊరు ఎనక్కెల్లిపోనాది. అంతలో డబ్బా ఆయిల్ అయిపోనాది, బండి మెల్లగా దిగి ఇదిగో ఈ రోడ్డు మీదే, ఈ కొట్టు ముందే ఆగింది. మళ్లీ అలాంటి ఆయిల్ దొరకలేదు. కాని వాసన మాత్రం మర్సిపోలేదు." వంగి ఘాటు డబ్బా మూత తీసి కళ్లు మూసుకుని పీల్చాడు. "ఇదే. ఇంచుమించు ఇదే. పొయ్యి అబ్బులూ."

"వొద్దు తమ్ముడూ," అన్నాడు ఫ్రాన్సిస్. "కథ కథే. రింగులు పోతే సాయంత్రం రోడ్డు మీద ఏడుస్తావు."

అబ్బులు ఇద్దరి మొహాలూ చూశాడు. ఫ్రాన్సిస్ చెప్పింది బుర్రకి ఎక్కింది. ఎల్లాజీ చెప్పింది గుండెకి ఎక్కింది. ఇంతలో లారీల బారు కదిలింది. ఇంకో మూడు బళ్లు వెళితే తన వంతు.

"ఎల్లాజీగారూ, మీ మాటే నమ్మేనండి," అన్నాడు లేచి. "అంత ఆయిల్ పోసిన చెయ్యి మీది. రండి, మీ చేత్తోనే పోయండి. నాకు మంచి జరుగుద్ది."

ఎల్లాజీ ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత తువ్వాలు భుజాన వేసుకుని డబ్బా అందుకున్నాడు. రోడ్డు దాటుతుంటే చూడాలి ఆ నడక, పెళ్లికొడుకు తండ్రి కూడా అలా నడవడు. అటూ ఇటూ లారీల్లోని డ్రైవర్లు తలలు బయటికి పెట్టి చూశారు. ఫ్రాన్సిస్ రెండో డబ్బా పట్టుకుని వెనకాలే వెళ్లాడు. విమలమ్మ కూడా స్టవ్ కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

అబ్బులు బురదలో గోనె పరిచి, స్పానరు పట్టుకుని, వెల్లకిలా బండి కిందకి జరిగాడు. ఆయిల్ పోసే బిరడా విప్పుతున్న చప్పుడు వినిపించింది. ఒక చుక్క పాత ఆయిల్ అతని చెంప మీద పడింది. బిరడా తీసి, డబ్బా అందుకోవడానికి చెయ్యి బయటికి చాపి పట్టుకున్నాడు.

చెయ్యి అలాగే ఉంది. డబ్బా రాలేదు. పైన ఏదో రేకు చప్పుడైంది.

ఎల్లాజీ లారీ ముందుకి వెళ్లి బానెట్ ఎత్తాడు. లోపలికి వంగి అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక మూత మీద చెయ్యి వేశాడు, తీసేశాడు, ఇంకో మూత మీద వేశాడు. పక్క లారీలోంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"అబ్బులూ," అని పిలిచాడు ఎల్లాజీ, "ఈ మూతల్లో గేర్ బాక్సుది ఏదీ?"

బండి కిందనుంచి అబ్బులు గొంతు వినిపించింది, ఎక్కడా మర్యాద తప్పకుండా.

"ఎల్లాజీగారూ, మీరు చూసేది ఇంజనండి. గేర్ బాక్సు ఇక్కడుందండి, నా గుండెల మీద." చాపిన చెయ్యి ఎల్లాజీ వైపు నుంచి ఫ్రాన్సిస్ వైపు తిరిగింది. "ఫ్రాన్సిస్‌గారూ, ఆ వాసన లేని డబ్బా కాస్త ఇలా అందించండి."