కామ్వాలా కొట్టులో బ్వాల్యా అన్న మాట

నా పేరు చెరుకుపల్లి సూర్యకుమారి. వయసు నలభై నాలుగు. భర్త రవిశంకర్. నివాసం ఈ మిల్టన్ ఊళ్ళోనే. గృహప్రవేశాలకు, పుట్టినరోజులకు వంటలు చేసి ఇవ్వడం నా వృత్తి. ఇక్కడికి రాకముందు జాంబియా రాజధాని లుసాకాలో మేమిద్దరం సొంతంగా హోల్‌సేల్ కొట్టు నడిపాము. మాట్లాడకుండా ఉండే హక్కు నాకుందని లాయరు చెప్పారు. అయినా మాట్లాడతాను.

గత శనివారం మధ్యాహ్నం, గృహప్రవేశం వంటకు నన్ను పిలిచిన అనంత్ గారి కొత్త ఇంట్లో యజ్ఞనారాయణ గారిని సాంబారు గరిటెతో కొట్టింది నేనే. ఎందుకు కొట్టానో చెప్పాలంటే లుసాకా నుంచి మొదలుపెట్టాలి.

మా కొట్టు ఆ ఊళ్ళో కామ్వాలా అనే బజారులో ఉండేది. వీధి పొడవునా బట్టల కొట్లు, ఫోన్ల కొట్లు, మాలాంటి సరుకుల కొట్లు. మేము మొక్కజొన్న పిండి, నూనె, సబ్బులు అమ్మేవాళ్ళం. ఆ ఊళ్ళో అందరి తిండీ ఆ పిండే. తెల్లవారేసరికి మార్కెట్ ఆడవాళ్ళు పిల్లల్ని వీపున కట్టుకుని వచ్చి షట్టరు ముందు కూర్చునేవారు. ఒక్కొక్క బస్తా కొని, పిండిని చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి రోడ్డు పక్కన అమ్ముకునేవారు. ఆ పొట్లాన్ని అక్కడ పమేలా అంటారు. బస్తా కొనలేని ఇంట్లో ఆ పూటకి వండేది పమేలానే.

కొట్టు చూసుకునేది బ్వాల్యా. అక్కడి మనిషే. నాకంటే రెండేళ్ళు చిన్న. తాళాలు ఆమె దగ్గరే ఉండేవి. మేమిద్దరం మాట్లాడుకునేది వింటూ తెలుగు నేర్చుకుంది. నన్ను అక్కా అనేది, మా ఆయన్ని అన్నా అనేది. మా ఆవకాయ తిని ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ వేయమనేది.

2024లో వానలు లేక పంట పోయింది. డ్యాముల్లో నీళ్ళు లేక కరెంటు పోయింది. పిండి మిల్లులు ఆగాగి నడిచేవి. వీధంతా జనరేటర్ల పొగ. ఫ్రిజ్‌లు పనిచేయక మాంసం కొట్లు మూసేశారు. అప్పుడే యజ్ఞనారాయణ గారు మా కొట్టుకు వచ్చారు. ఆయనకు రెండు పెద్ద గోడౌన్లు ఉండేవి. ఉగాదికి ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ భోజనాలు ఆయనే పెట్టేవారు. అందరం కలిసి ఇక్కడ పిండి అమ్మడం ఆపేసి, ఎక్కువ ధరకు సరిహద్దు దాటిద్దామన్నారు. మా ఆయన కుదరదన్నారు. ఎదురుగా ఆడవాళ్ళు కూర్చుని ఉంటే బస్తాలు లోపల పెట్టుకుని లేవని చెప్పలేనన్నారు. యజ్ఞనారాయణ గారు టీ తాగి వెళ్ళారు. ఆ వారంలో వీధిలో మిగతా కొట్లలో పిండి కనపడకుండా పోయింది. జనమంతా మా దగ్గరికే వచ్చారు.

అక్టోబరులో ఒక మంగళవారం మా ఆయన మిల్లుకు వెళ్ళారు. ఉదయం ఎనిమిది దాటింది. తెల్ల పికప్ ఒకటి వచ్చి కొట్టు ముందు ఆగింది. ఇనప రాడ్లతో ఆరుగురు దిగారు. వరుసలో ఉన్న ఆడవాళ్ళను కొట్టారు. వీపున పిల్లలున్నా కొట్టారు. ఒకామె పన్ను ఎగిరి కౌంటరు మీద పడింది. బ్వాల్యా నన్ను నూనె డ్రమ్ముల వెనక్కి తోసి, "లోపలికి పో అక్కా" అంది. తాను కౌంటరు ముందు నిలబడింది. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆమె పడిపోయాక బస్తాలు కోశారు. నేలంతా పిండి, పిండిలో రక్తం. రక్తం తగిలితే పిండి ముద్ద కడుతుంది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు యజ్ఞనారాయణ గారు పికప్ దిగి వచ్చారు. బూట్లకు పిండి అంటకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. డ్రమ్ముల వైపు చూసి తెలుగులో అన్నారు:

"భయపడకండమ్మా. మీరు మనవాళ్ళు. మిమ్మల్ని ముట్టుకోవద్దని చెప్పాను."

ఆ మాట బ్వాల్యాకు అర్థమైంది. తల కొంచెం ఎత్తింది.

"అన్నా, నేను కూడా."

ఆయన ఆమెను వింతగా చూశారు. నవ్వొచ్చినట్టు మొహం పెట్టారు. వెనక్కి తిరిగి బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ కొట్టారు. తల మీద కొట్టారు. ఆమె కదలడం మానేశాక కూడా కొట్టారు. నన్నెవరూ ముట్టుకోలేదు.

రాడ్లు పట్టినవాళ్ళలో ముగ్గురు దొరికారు, శిక్ష పడింది. వాళ్ళు ఆయన పేరు చెప్పలేదు. నేను అక్కడి పోలీసులకు చెప్పాను. ఆ రోజు తాను కామ్వాలా వైపే రాలేదని, బ్వాల్యా అనే మనిషిని ఎప్పుడూ చూడలేదని ఆయన లాయరు చేత రాయించి ఇచ్చి, దేశం వదిలి వెళ్ళిపోయారు. కొట్టు మూసేసి మేమూ వచ్చేశాము.

శనివారం అనంత్ గారింట్లో వడ్డిస్తుంటే ఆయన కనిపించారు. నన్ను గుర్తుపట్టి, ఈవిడ మా లుసాకా ఆవిడేనని అందరికీ చెప్పారు. నేను సాంబారు పోస్తున్నాను. అక్కడ పనివాళ్ళు కూడా తెలుగు మాట్లాడేవారని ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఒకామె ఎలా అనేదో చూడండంటూ గొంతు మార్చి, బ్వాల్యా అన్నట్టే సాగదీసి అన్నారు:

"అన్నా, నేను కూడా."

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మొదటి దెబ్బకు ఆయన ముక్కు పగిలింది. రెండోది దవడ మీద పడింది. అనంత్ గారు నా నడుము పట్టుకుని లాగారు. ఆ పెనుగులాటలో సాంబారు గిన్నె ఒరిగి నా కుడిచెయ్యి కాలింది. పట్టుకోకపోతే ఇంకా కొట్టేదాన్ని.

మనలో మనకి కేసెందుకని, తాను మర్చిపోతానని యజ్ఞనారాయణ గారు అనంత్ గారితో కబురు పంపారు. ఆయన వద్దన్నంత మాత్రాన కేసు పోదని ఇక్కడి పోలీసు ఆఫీసర్ గారు నాకు చెప్పారు. పోకూడదనే నా కోరిక. నాకు పడే శిక్ష పడనివ్వండి. కోర్టులో ఆయన్ని ప్రమాణం చేయించి, ఆ మాట ఎవరి నోట విన్నారని అడగాలి. బ్వాల్యా ఆ మాట అన్నప్పుడు కొట్టులో తెలుగు తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఒకామె చనిపోయింది. ఒకదాన్ని నేను. శనివారం ఆయన నోట ఆ మాట పద్నాలుగు మంది విన్నారు.

నేను తెలుగులో చెప్పినదంతా రాసుకుని, దుబాసీ శ్యామల గారు తిరిగి నాకు చదివి వినిపించారు. నేను చూసిందీ, విన్నదీ, చేసిందీ తప్ప ఇందులో ఇంకేమీ లేదు. ఎవరి బలవంతం మీదా చెప్పలేదు. కుడిచేతికి కట్టు ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

ఎడమ బొటనవేలి ముద్ర
చెరుకుపల్లి సూర్యకుమారి