ఆవరణలోని సీమపనస

1979వ సంవత్సరం సెప్టెంబరు మూడవ తేదీన ఇస్మే ఆల్సిడ్ గారు మన అటార్నీ జనరల్ కార్యాలయంలో న్యాయవాదిగా పదవీ స్వీకారం చేశారు. అంతవరకు మన దీవిలో ప్రభుత్వ పక్షాన వాదించిన మహిళ లేరు. ఆమెకు ఇవ్వడానికి గది కూడా లేదన్నారు. ఫైళ్ళ గదిలో కిటికీ పక్కన ఒక బల్ల వేశారు. కోర్టు గుమాస్తా ఒకాయన టైపిస్టు అనుకొని కాగితాలు అందిస్తే, అందులోని తప్పులు దిద్ది మరీ టైపు చేసి ఇచ్చిన సహనశీలి వారు.

1986లో రూజ్ బే రేవు రోడ్డు కేసు వారి చేతికి వచ్చింది. రోడ్డు పోవలసిన చోట సెలెస్టీన్ అవ్వ కుటుంబానికి తరతరాల ఉమ్మడి నేల ఉంది. పత్రం మాత్రం లేదు. పత్రం లేని నేల ప్రభుత్వానిదేనని వాదించడం ఇస్మే గారి విధి. ఓడితే, ఆడవాళ్ళకు ఇలాంటి పదవులెందుకని అనడానికి ఊరంతా కాచుకొని ఉంది.

ఆ నేలను కళ్ళారా చూడాలని వెళ్ళిన ఇస్మే గారిని అవ్వ చెట్టు చెట్టుకూ తిప్పి, బిడ్డ పుట్టగానే బొడ్డుపేగు పాతి నాటిన ఆ చెట్లలో ఏ చెట్టు కింద ఎవరిది పాతారో ముత్తాత నాటి నుంచీ చెప్పుకొచ్చింది. చివరికి ఆగి, “మరి నీది ఎక్కడ పాతారే అమ్మాయ్?” అంది.

తాను ధర్మాసుపత్రిలో పుట్టానని, అమ్మ ఒకరింట్లో వంటమనిషని, పాతడానికి తమకంటూ నేల లేదని ఇస్మే గారు చెప్పారు.

“అయితే నీకు తిరిగెళ్ళే చోటే లేదా తల్లీ?”



ఇస్మే గారు కార్యాలయానికి తిరిగి వచ్చి, ఈ వాదన మానుకుందామని పై అధికారికి చెప్పారు. గెలిచే కేసును వదులుకుంటావా అని ఆయన మండిపడ్డారు.

“గెలుస్తాం సార్. ఆ తర్వాత ఆ ఊళ్ళోకి మనం ఏ మొహం పెట్టుకొని వెళ్తాం?”

“సరే, మాట పడాల్సింది నువ్వే,” అన్నారాయన.

ఇస్మే గారి కోరికపై న్యాయమూర్తి స్వయంగా ఆ చెట్ల నీడలో కూర్చొని అవ్వ చెప్పిందంతా విన్నారు. బొడ్డుపేగు చెట్టు సాక్ష్యమేనని, చెట్టున్నవారు ఎప్పుడైనా ఆ నేలకు తిరిగి రావచ్చని తీర్పు చెప్పారు. రోడ్డు వంపు తిరిగింది. బస్సు డ్రైవర్లు నేటికీ ఆ వంపు దగ్గర ఇస్మే గారిని తలుచుకొని విసుక్కుంటారు. రావలసిన పదోన్నతి ఏళ్ళ తరబడి రాలేదు. వారు ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

తీర్పు వచ్చిన వారంలోనే అవ్వ ఒక సీమపనస పిలకను ఒళ్ళో పెట్టుకొని బస్సులో వచ్చింది. “అప్పుడు పాతలేదుగా, ఇప్పుడు పాతుకో,” అంది. ఇస్మే గారు తమ మొదటి వాదన నాడు మెడకు కట్టుకున్న తెల్లపట్టీని గోతిలో వేసి, ఆ పిలకను మన కార్యాలయ ఆవరణలోనే నాటారు. ఆ తర్వాత వారు మన తొలి మహిళా సొలిసిటర్ జనరల్ అయ్యారు. శుక్రవారాల్లో ఆ కాయలు కాల్చి, ఉప్పుచేపతో మనందరికీ స్వయంగా వడ్డించిన ఆ మధ్యాహ్నాలు, వారి పదవీ విరమణతో ఇక రావని తలచుకుంటే మనసు బరువెక్కుతోంది.

మొన్న ఆ చెట్టు మొదట్లో నిలబడి, “సోమవారం నుంచి గేటు దగ్గర బయటివాళ్ళలా నేనూ చీటీ రాయించుకోవాల్సిందేగా,” అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

అమ్మా, మీరు సాధించిన తీర్పు ఇంకా అమల్లోనే ఉంది. చెట్టున్నవారిని ఆపే హక్కు ఏ గేటుకూ లేదు. ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లుతూ, ప్రతి శుక్రవారం కాయలు కాల్చే వేళకు వచ్చి, మీ వాటా మీరు అడిగి తీసుకోవాలని మా అందరి ఆకాంక్ష.