పై మోడల్లో ఉండేవి

కార్ల కరెంటు పనులు చేసే షెడ్డు. మధ్యాహ్నం. బానెట్ ఎత్తి ఉన్న కారు దగ్గర షెడ్డు యజమానీ, అతని అక్క భర్తా.

"అదే అంటున్నాను బావా. కింది మోడల్ కొన్నంత మాత్రాన జీవితాంతం కిందే ఉండిపోనక్కర్లేదు. పై మోడల్లో ఉండేవి చాలామటుకు దీనికీ పడతాయి. వైర్లు ఫ్యాక్టరీలోనే లాగేసి ఉంచుతారు, పార్టు ఒక్కటే పెట్టరు. ఇదిగో, ఈ మూత తీస్తే లోపల ప్లగ్గు ఖాళీగా ఉంది చూడు. నీ కోసమే ఎదురుచూస్తోంది పాపం."

"అన్నీ కంపెనీవేనా? బజారు సరుకు కాదు కదా?"

"డబ్బా సీలు నీ ముందే విప్పుతాను. బిగించాక ల్యాప్‌టాప్ తగిలించి, ఒసే కారూ, ఇవాళ్టి నుంచి నీకు ఇది కూడా ఉందే అని చెప్పాలి. చెబితే వింటుంది. మా అక్కలాంటిది కాదు."

"మీ అక్కకి నేను ఇందుకొచ్చానని చెప్పకు."

"ఏం చెప్పి వచ్చావేంటి?"

"ఏసీ గ్యాసు నింపించుకొస్తానన్నాను."

"ఓహో. కారుకి నగలు చేయిస్తున్నావని తెలిస్తే తనకీ అడుగుతుందనా? సరే, నా నోరు కుట్టేసుకున్నాను. విను. ముందు సీట్ల మధ్యన చెయ్యి ఆనించుకునే పెట్టె. రోజూ ఊళ్ళు తిరిగేవాడివి, భుజానికి సుఖంగా ఉంటుంది. వెనక సీటుకి ఏసీ గాలి. పిల్లలిద్దరూ ఉడికిపోతున్నారు. ఆ తర్వాత పెద్ద స్క్రీను, ఆరు స్పీకర్లు..."

"స్పీకర్లొద్దు."

"నువ్వా? పాత పాటలంటే చెవి కోసుకునేవాడివి!"

"కార్లో పాటలు మానేశాను. రోడ్డు వినపడదు."

"రోడ్డు వినడమేంటి బావా, చూడాలి కానీ."

"నీ జోకులు తర్వాత. వెనక బంపర్లో, ఏదైనా దగ్గరికొస్తే కూసే సెన్సర్లు ఉంటాయట."

"మరి పెట్టె?"

"వద్దు. సెన్సర్లు."

"పెడదాం. వెనక నాలుగు. కెమెరా కూడా దాంతోపాటే."

"ముందు?"

"ముందూ ఉంటాయి. కానీ ముందెందుకు? నువ్వున్నావుగా, రెండు కళ్ళేసుకుని."

"పెట్టు."

"వెనక ఏసీ వద్దు, ముందు సెన్సర్లు కావాలా?"

"పెట్టమన్నాను కదా. ఇంకా... పక్కన ఏదైనా బండి వస్తే చెప్పేది ఒకటి ఉంటుందట."

"పెద్ద చదువే చదివి వచ్చావే. ఉంది. వెనక బంపర్ మూలల్లో రెండు పెట్టెలు పెడతాం. పక్కకి ఏదైనా దగ్గరగా వస్తే అద్దంలో చిన్న పసుప్పచ్చ దీపం వెలుగుతుంది."

"అద్దంలోనా?"

"అద్దంలోనే. ఎడమ పక్కకి వస్తే ఎడమద్దంలో, కుడి పక్కకి వస్తే కుడద్దంలో."

"దీపం వద్దు. శబ్దం రావాలి."

"శబ్దమూ ఉంది. నువ్వు సిగ్నలేసి అటు తిరగబోతే కూస్తుంది."

"సిగ్నల్ వెయ్యకపోయినా కూసేలా పెట్టలేవా? ఎప్పుడూ?"

"ఎప్పుడూ అంటే? సంత రోడ్డులో కుయ్యో మొర్రో అంటూనే ఉంటుంది. తల బద్దలైపోతుంది."

"నా తలే కదా. బద్దలవనీ. కుడి పక్కది లేకపోయినా ఫర్వాలేదు, ఎడమది గట్టిగా కూయాలి."

"ఒక్క చెవి పోగు అమ్మరు బావా, జతగానే వస్తాయి. సరే, ముందు టీ తీసుకో."

"తెచ్చారా? ఏదీ?"

"ఏదీ ఏంటి? చెయ్యి కాలిపోతోంది, ఇందాకట్నుంచి పట్టుకుని నిలబడ్డాను."

"ఆలోచనలో ఉన్నాను. ఇటివ్వు."

"చూసి, చూసి! అయ్యో, చొక్కా మీద పోసుకున్నావు. ఇదిగో గుడ్డ."

"ఫర్వాలేదులే. హెడ్‌లైట్లు వాటంతటవే వెలిగేవి కూడా పెట్టు. రోడ్డు మీద గీత దాటితే స్టీరింగు వణుకుతుందట, అది?"

"అది దీనికి పడదు. దానికి ముందు అద్దమే వేరు. బావా, ఒక మాట. నువ్వు సుఖంగా కూర్చునేది ఒక్కటీ అడగలేదు. అన్నీ ఈలలూ కేకలూ వేసేవే అడుగుతున్నావు. కారు తీసుకెళ్తున్నావా, కాపలాదారుణ్ణి తీసుకెళ్తున్నావా?"

"ట్రాఫిక్ అలా ఉంది. ఎవడెటు నుంచి దూరతాడో తెలీదు."

"ఈ ఎడమద్దం ఎప్పుడు మార్చావు? రంగు కలవలేదు. రంగుల కంపెనీలో పని చేస్తూ నీ కారుకే రంగు కలవకపోతే ఎలా?"

"పార్కింగులో ఎవడో గుద్దాడు."

"నా దగ్గరికి తేలేదే?"

"తొందరలో పక్క ఊళ్ళో వేయించేశాను."

"ముందు తలుపు మీద ఈ గీత?"

"అదీ అప్పుడే."

"వెనక తలుపు మీద సొట్ట?"

"ఏమో, చూసుకోలేదు."

"ఇంత సొట్ట చూసుకోలేదా? చక్రం అంచు కూడా పేవ్‌మెంటుకి గీసుకుపోయింది. బావా, నేను పొద్దస్తమానం కార్లే చూస్తాను. గుద్దేవాళ్ళు నాలుగు పక్కలా గుద్దుతారు. నీ కారుకి కుడి పక్క పెళ్ళికూతురిలా ఉంది. ఎడమ పక్కేమో చీపురుతో కొట్టినట్టుంది."

"ఇప్పుడు సొట్టల సంగతెందుకు? నువ్వు పార్టులు తెప్పించు."

"ఒకసారి ఇటు నిలబడు."

"ఎందుకు?"

"నిలబడు అంటున్నాను. నా మొహం చూడు. తల తిప్పకు. మొహమే చూడు. నా కుడి చెయ్యి ఎక్కడుంది?"

"పిల్లలాటలేంటిరా?"

"ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, కిందే ఉంది."

"ఎత్తి పట్టుకున్నాను బావా. నీ ఎడం చెవి పక్కనే ఉంది."

"ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది. నిజం. నంబరు ప్లేట్లు చదువుతాను. పక్కదే... ఎడమ పక్కదే కొంచెం పొగలాగా."

"పొగా? నా చెయ్యి మొత్తం మాయమైపోతే పొగంటావా? ఎప్పట్నుంచి?"

"నిరుడు వానాకాలం నుంచి. కంటి నరం ఎండిపోతోందట. పోయింది తిరిగి రాదన్నాడు డాక్టరు. ఉన్నదైనా నిలబడాలని చుక్కల మందిచ్చాడు."

"బండి నడపడం గురించి ఏమన్నాడు?"

"అడగలేదు."

"నువ్వు అడక్కపోయినా ఆయన చెప్పి ఉంటాడు కదా. నీళ్ళు నమలకు."

"మానేయమన్నాడు. సరేనా? మానేయమన్నాడు. ఆయనదేం పోయింది? ఊరూరూ తిరిగి కొట్టు కొట్టుకీ రంగు డబ్బాలు ఎక్కించాలి నేను. కారు లేనివాణ్ణి మా కంపెనీ గుమ్మం కూడా తొక్కనివ్వదు. ఈ వయసులో నన్ను ఇంకెవడు పిలుస్తాడు?"

"అందుకని ఈ సెన్సర్లు."

"నాకు కనపడనిది వాటికి కనపడుతుంది కదా. దాంట్లో తప్పేముంది? చెవులు బాగానే ఉన్నాయి నాకు. అది కూస్తుంది, నేను ఆగుతాను."

"బావా, అవి గోడకి గీసుకోకుండా పెట్టేవి! మనుషుల్ని కాపాడ్డానికి కాదు. స్పీడు పెరిగితే వాటంతటవే నోరు మూసుకుంటాయి. కాస్త బురద పడితే వాటికీ కళ్ళు పోతాయి. పక్కన లారీ వస్తే చెబుతాయేమో కానీ, చెట్టుచాటు నుంచి సైకిలు వస్తే..."

"సైకిలు మాట ఎత్తకు."

"ఏం?"

"ఏం లేదు."

"ఆ అద్దం ఎలా పగిలింది?"

"చెప్పాను కదా, పార్కింగులో..."

"బావా."

"ఒకతను. సైకిలు మీద. నాకు కనపడలేదు, టపామని శబ్దం వచ్చింది అంతే. పడ్డాడు. లేచాడు. నిలబడి నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిడుతున్నంతసేపూ నాకు ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. తిట్టగలిగాడంటే ఏం కాలేదన్నమాటే కదా."

"నువ్వు కార్లోంచి దిగావా?"

"దిగలేదురా. అతను తిట్టడం అయ్యాక బండి తీసేశాను."

"నాకు డ్రైవింగు నేర్పింది నువ్వు. అద్దం చూడకుండా తిప్పితే నెత్తి మీద మొట్టేవాడివి. ఒకసారి ఎవరి మేకపిల్లో అడ్డమొస్తే హారను కొట్టానని నన్ను కిందికి దింపి నడిపించావు. హారను కొట్టేది నువ్వున్నావని చెప్పడానికి, అవతలవాళ్ళని తప్పుకోమనడానికి కాదన్నావు. ఆ మనిషేనా నువ్వు?"

"ఆ మనిషికి కళ్ళున్నాయి."

"రోజూ పొద్దున్నే నా కూతుర్ని ఎక్కించుకుని వెళ్తున్నావు. మా పిచ్చుక నీ వెనక సీట్లో కూర్చుంటోంది."

"నా కొడుకూ కూర్చుంటున్నాడు. మీ అక్కా కూర్చుంటోంది. వాళ్ళున్నప్పుడు నేను ఎంత నెమ్మదిగా వెళ్తానో తెలుసా? నడిచేవాళ్ళు దాటిపోతారు. ముగ్గురినీ స్కూల్లో దింపాకే నేను గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను."

"తెలిసి కూర్చోవడం వేరు బావా. నమ్మి కూర్చోవడం వేరు. నా పిల్ల జడలేసుకుని, మావయ్య వచ్చాడని గంతులేసుకుంటూ ఎక్కుతుంది. పెళ్ళాం చేత అన్నం పెట్టించుకుని, ఎదురుగా కూర్చుని, ఇంత దాచావంటే..."

"మెల్లిగా మాట్లాడు, బయట పనివాళ్ళున్నారు."

"వినపడనీ! తాళం ఇటివ్వు."

"ఎందుకు?"

"ఈ కారు ఇక్కడి నుంచి కదలదు. తాళం ఇవ్వు."

"నీ కాళ్ళు పట్టుకుంటానురా."

"నా కాళ్ళు పట్టుకుంటే నీ కళ్ళొస్తాయా? లే బావా, లే. పైకి లే ముందు. ఛీ, నన్ను ఇలాంటి చోట నిలబెట్టావు చూడు. నా పెళ్ళికి మా నాన్న స్థానంలో పీటల మీద కూర్చున్నావు నువ్వు. నిన్ను నేను ఏమనాలి?"

"ఏమైనా అను. మీ అక్కకి మాత్రం చెప్పకు. తను తట్టుకోలేదు. పక్కన కూర్చుని దారి పొడుగునా ఎన్ని కబుర్లు చెబుతుందో. ఏ భయమూ లేదు తనకి. నన్ను అంతగా నమ్మిన మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నువ్వు చెప్పలేవు. నేను చెబుతాను."

"ఫోను పెట్టెయ్. ఒరేయ్, పెట్టెయ్యరా. నేనే చెబుతాను, ఈ ఆదివారం కూర్చోబెట్టి..."

"ఇంకో వారం మా పిచ్చుక నీ కారెక్కాలా? మోగుతోంది. స్పీకర్లో పెడుతున్నాను, నువ్వూ విను. ఒక్క మాట అబద్ధం చెప్పినా నువ్వే సరిదిద్దు."

"హలో? చెప్పరా తమ్ముడూ. వచ్చారా మీ బావ?"

"వచ్చాడక్కా. నీకొక మాట చెప్పాలి. నువ్వు కాస్త కూర్చో..."

"ఏం మాటైనా తర్వాత చెబుదువుగాని, స్టాఫ్‌రూములోకి ఎవరైనా వచ్చేస్తారు. ముందు నేను చెప్పేది విను. ఏసీ గ్యాసని నాకు చెప్పి వచ్చారు కానీ అందుకు కాదు. వారం నుంచి ఫోన్లో ఆ పార్టుల వీడియోలే చూస్తున్నారు. ఆయన ఏమడిగితే అది పెట్టేయ్. ఎందుకని మాత్రం అడక్కు. పక్కన బండొస్తే చెప్పేది ఉంటుంది చూడు, అది మర్చిపోకు. ఎడమ పక్క ఆయనకి అసలు కనపడదు."

"అక్కా... నీకు తెలుసా?"

"ఎడమ పక్కన కూర్చుని ఏడిస్తే కూడా చూసుకోని మనిషి సంగతి నాకు తెలీకుండా ఉంటుందట్రా? మందుసీసా బీరువాలో పాత స్వెట్టర్ల కింద దాచుకుంటున్నారు. నేను ఆ బట్టల జోలికి వెళ్ళను. వెళ్తే చెప్పుకోవాల్సి వస్తుందని."

"తెలిసీ ఎక్కుతున్నావా ఆ కారు?"

"నేను ఎక్కకపోతే ఎవరు చెబుతారు ఆయనకి? అదిగో ఆటో, ఇదిగో స్కూటరు, ఈ కొట్టు రంగు మార్చారు, ఆ పిల్లాడు రోడ్డు దాటుతున్నాడు అని కబుర్లలాగా వాగుతూనే ఉంటాను. నన్ను వాగుడుకాయ అనుకుంటున్నారు. అనుకోనీ."

"మానెయ్యమని ఒక్క మాట చెప్పొచ్చుగా అక్కా!"

"చెప్పి? రేపటి నుంచి ఇంట్లో గోడలు చూసుకుంటూ కూర్చోమనా? నీకు తెలీదురా ఆయన సంగతి. బ్యాగు సర్దుకుని తాళం చేతిలోకి తీసుకున్నప్పుడే కాస్త మనిషిలా ఉంటారు. అది కూడా లాగేసుకుంటే నాకేం మిగులుతుంది? నీకు తెలిసినట్టు ఆయన ముందు బయటపడకు. పరువు పోయిందనుకుంటారు."

"అక్కా, మరి పిచ్చుక? నా కూతురు కూడా ఉంటుంది కదే ఆ కార్లో! దాని సంగతి ఒక్కసారైనా ఆలోచించావా?"

"ఆలోచించకేం! అందుకే కదరా దాన్ని ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెడుతున్నాను. మావాడిది నిద్రమొహం. దాని కళ్ళు చురుకు, ఏదొచ్చినా నాకంటే ముందు అదే అరుస్తుంది."