ఒకడికి ఒకడు

జర్మనీలో వేరా నది మీద పొగమంచు పట్టింది. సాయంత్రం కావస్తోంది. పడవలో ఇద్దరే ఉన్నారు: గెడ వేస్తున్న ముసలి ఫోల్క్‌మార్, భుజాన మూటతో ఆంబ్రోస్ అనే బాటసారి కుర్రాడు.

"...అయితే ఇంట్లో నీకోసం ఎవరూ ఎదురుచూడ్డం లేదంటావు."

"అమ్మ పోయింది. అన్నయ్యున్నాడు గానీ, నేనెక్కడున్నానో వాడికి తెలీదు, వాడెలా ఉన్నాడో నాకు తెలీదు."

"ఈ రేవుకొచ్చినట్టు కూడా ఎవరికీ తెలీదు."

"తెలీదు. ఎందుకు పెద్దాయనా?"

"ఊరికే. మాట్లాడుతుంటే గెడ బరువు తెలీదు. ఏం పని నీది?"

"గుర్రాల జీన్లు కుడతాను. మూడేళ్ళు దేశం తిరిగి నలుగురి దగ్గరా పని చేస్తేగాని మావాళ్ళు మేస్త్రీ అనరు. నూరెంబర్గ్‌లో చేశాను, ఎర్ఫర్ట్‌లో చేశాను. ఒకచోట తోలు బాగుంటుంది, ఒకచోట తిండి. రెండూ ఒక్కచోట ఇంకా దొరకలేదు."

"పెద్దబాట మీద పోవాల్సినవాడివి, ఈ మూల రేవుకెందుకొచ్చావు?"

"అవతలి ఊళ్ళో ఒకాయనకి ఒక మాట చెప్పాలి."

"ఎవరికి? అక్కడున్నవి గుప్పెడు గడపలు. అందరూ నాకు తెలుసు."

"దిగాక చెబుతాను. నీళ్ళ మీద చెప్పే మాట కాదు."

"సరే, చెప్పకు. ఒకసారి లేచి నుంచో."

"పడవలోనా?"

"బరువు ఎటుందో చూసుకోవాలి. ...ఊఁ. బాగా పొడుగరివే."

"అందరూ అదే అంటారు. మొన్న సత్రంలో ఒకడు కూడా ఇలాగే లేపి నిలబెట్టి చూశాడు. టోపీకి వెండి అల్లిక, పటాలం మనిషి. దగ్గర కూర్చోబెట్టుకుని సారా పోయించాడు. నేను కిటికీలోంచి దూకి వచ్చేశా. నాతో నడిచిన లీన్‌హార్డ్ మాత్రం తాగాడు. తెల్లారేసరికి వాడు పటాలంలో సిపాయి."

"నువ్వు తప్పించుకున్నావన్నమాట."

"అప్పటికి."

"ముందరి పళ్ళు బాగున్నాయా?"

"ఏంటీ?"

"పళ్ళు. సిపాయిలు తూటా కాయితం పళ్ళతోనే చింపాలంటారు."

"తూటాలతో నాకేం పని? పెద్దాయనా, పడవ ఎటు పోతోంది? రేవు ఆ చెట్ల దగ్గరన్నారుగా."

"అటు ఉరవడి ఎక్కువ."

"ఒడ్డున ఎవరో నిలబడ్డారు. నీలం కోట్లు."

"చేపలు పట్టేవాళ్ళు."

"చేపలకి తుపాకులెందుకు?"

"కూర్చో బాబూ. ఈత వచ్చా?"

"రాదు."

"అయితే కూర్చో."

"ఎంతిస్తామన్నారు మీకు?"

"డబ్బు కాదు. డబ్బుకైతే నా మొహాన ఉమ్మెయ్. ఒకడికి ఒకడు అన్నారు. కిందటేడు ఈ రేవులోంచే మా అబ్బాయిని పట్టుకుపోయారు. వాడంత ఎత్తువాణ్ణి తెచ్చిస్తే వదిలేస్తానని సార్జంటు మాటిచ్చాడు. నీకు ఎదురుచూసేవాళ్ళు లేరు. వాడికి తల్లుంది. అందుకే నేను... ఎవరూ లేనివాణ్ణే చూస్తాను."

"మీవాడి పేరు వెండెల్ కదా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎడం చెవి కింద కాలిన మచ్చ. చిన్నప్పుడు పడవకి తారు పూస్తుంటే పడిందట."

"ఎవరు చెప్పారంటే!"

"వాడే చెప్పాడు. పటాలం ఉండే కోట ఊళ్ళో విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో పడున్నాను. పక్క పరుపు వాడిది."

"ఎలా ఉన్నాడు? చిక్కాడా? తింటున్నాడా?"

"నేను మాట చెప్పాలన్నది మీకే పెద్దాయనా. ఈ పడవ నడిపేది మీరేనని తెలీలేదు. వాడి కళ్ళు మూసింది నేనే. నాన్నని ఎదురుచూడొద్దని చెప్పు అన్నాడు."

"బతకడానికి అంటున్నావు ఈ మాట."

"బతుకు చూసుకునేవాణ్ణయితే పెద్దబాట వదిలి ఇంత దూరం ఎందుకొస్తాను?"

"...ఎప్పుడు?"

"ఈస్టర్‌కి ముందు. నేల గడ్డకట్టి పార దిగలేదు."

"ముందా, తరవాతా? సరిగ్గా చెప్పు."

"ముందే. ఈస్టర్ గంటలు మోగేనాటికి నేను లేచి తిరుగుతున్నాను. వాడు లేడు."

"తరవాత కూడా సార్జంటు నాతో అన్నాడే... బాగున్నాడని, నా గురించి అడిగాడని..."

"ఓయ్ ఫోల్క్‌మార్! ఒడ్డుకి తాడు విసురు! ఇంతకుముందు తెచ్చినవాళ్ళు ఎత్తు చాల్లేదు, ఈసారి పొడుగోణ్ణే తెచ్చావే!"

"వంగు బాబూ. పడవ అడుక్కి వంగు. వెనక్కి తిప్పుతున్నా."

"కాలుస్తారు పెద్దాయనా."

"కాల్చనీ. వాడు ఈస్టర్‌కి ముందే పోయాడంటే... ఆ తరవాత నేనీ ఒడ్డున దించిన ఇద్దరు పిల్లలూ ఎవరికోసం పోయారు?"