వెతికించినవాడు

కుట్టుమిషన్ ముందున్న ఆమెనూ, చేతిలోని పాత ఫొటోనూ ఎస్సై మార్చి మార్చి చూసింది. సందేహం లేదు, కనబడకుండా పోయిన అమ్మాయి ఈమే.

"భయపడకమ్మా. బతికే ఉన్నావు, అదే పదివేలు. మీవాళ్ళు ఇంకా ఆశ వదులుకోలేదు."

"నాకెవరున్నారండీ?"

"అదేంటి, మీ అన్నయ్య! నీకోసం స్టేషన్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు."

మిషన్ ఆగిపోయింది.

"నాకు అన్నయ్య లేడు మేడమ్. అతనికి ఎడమ కనుబొమ్మ మీద గాటుందా?"

"ఉంది. ఎవరతను?"

"నన్ను చంపుతానన్నవాడు. వాడికి భయపడే పారిపోయి వచ్చాను. నేనిక్కడున్నట్టు చెప్పేశారా?"

ఎస్సై చటుక్కున గుమ్మం వైపు చూసింది.

"నిన్ను గుర్తుపడతాడని వెంట తీసుకొచ్చాను. బయట జీపులో ఉన్నాడు."

"మేడమ్..."

"నా వెనక నిలబడు."

ఎస్సై గుమ్మానికి అడ్డంగా నిలబడి కేకేసింది.

"కానిస్టేబుల్! వాణ్ణి జీపు దిగనివ్వకు!"